ఒకే గడప ఉన్న ఊరు

కుంభగిరి రాజ్యానికి పడమటి కొసన, ఎర్రమట్టి గుట్టల మధ్య, తమాలపురం అని ఒక పట్టణం ఉంది. పట్టణమంటే రాజవీధులు, అంగళ్ళు, మేడలు ఊహించుకుంటే పొరపాటే. దూరం నుంచి చూసేవాడికి అక్కడ కనబడేది ఒకే ఒక్క పొడుగాటి గోడ. కిటికీ లేదు, సందు లేదు, అరుగు లేదు. గోడకి నట్టనడుమ ఒకే ఒక్క తలుపు. ఆ తలుపు మాత్రం ఇంద్రభవనానికి పెట్టినా నప్పుతుంది. చేవదేరిన మద్దిమాను చెక్క, దాని మీద అరచేతి వెడల్పు ఇత్తడి పట్టీలు, పట్టీల మీద బారులు తీరిన హంసలు, ద్వారబంధానికి అటూ ఇటూ ఏనుగు కుంభస్థలాన్ని చీలుస్తున్న యాళులు, గడప పొడుగునా పసుపు పూసిన వెండి పద్మాలు. ఊరందరికీ కలిపి ఉన్నది ఒక్క తలుపే కదా, ఆ ఒక్కటీ దర్జాగా ఉండాలని చేయించుకున్నారు.

ఆ తలుపు ముందుకి మిట్టమధ్యాహ్నం వేళ ఒక సుంకరి వచ్చి నిలబడ్డాడు. నెత్తిన ఎర్ర తలపాగా, మెడలో రాగి రాజముద్ర, చేతిలో పొన్నుకర్ర. పన్నులు వసూలు చేసేవాడికి ఉండవలసిన హంగులన్నీ ఉన్నాయి, ఒక్క బొజ్జ తప్ప. బొజ్జ లేకపోవడానికి కారణం అతడు సుంకరి కాకపోవడమే. అతడు హిరణ్యతటి విద్యాపీఠంలో పండితుడు, పేరు కేదారుడు.

కేదారుడి విద్య కాస్త చిత్రమైనది. తక్కిన పండితులు గ్రహాలు ఎటు తిరుగుతాయో గణిస్తుంటే, ఇతడు పన్ను పడ్డప్పుడు మనుషులు ఎటు తిరుగుతారో పరిశోధించేవాడు. మీసాల మీద పన్ను వేసిన ఏడు సాక్షాత్తూ సేనాపతే పైపెదవి నున్నగా గీయించుకుని కొలువుకి వచ్చాడు. కుక్కల మీద పన్ను వేస్తే పల్లెల్లో కుక్కలన్నీ కొయ్యకొమ్ములు కట్టించుకుని దూడలైపోయాయి. ఇవన్నీ ఊరూరా తిరిగి చూసి, పన్ను పడిన చోట మనిషి నిలబడడనీ, పక్కకి జరుగుతాడనీ, ఎటు జరుగుతాడో ముందే చెప్పవచ్చనీ కేదారుడు నిండుసభలో సిద్ధాంతం చేశాడు. సభికులు నవ్వారు. మహామంత్రి ఘటానందుడు మాత్రం నవ్వలేదు. ఆసనం మీంచి లేచి వచ్చి, తన చేతి బంగారు కంకణం తీసి కేదారుడికి తొడిగాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఘటానందుడు ఇళ్ళ తలుపుల మీద పన్ను వేశాడు. ఏమైందో ఏమో, తమాలపురం మొత్తం నుంచి ఖజానాకి ఒకే ఒక్క తలుపు పన్ను రాసాగింది. మంత్రికి ఒళ్ళు మండాలి కదా? మండలేదు సరికదా, ఆ రోజు దాసదాసీలకి మిఠాయిలు పంచాడు. పన్ను ఎగ్గొట్టిన ఊరిని చూసి పండగ చేసుకునే మంత్రి ఏ రాజ్యంలోనైనా ఉంటాడా? ఈ ప్రశ్న కేదారుడిని నిద్రపోనివ్వలేదు. ఆ ఊరి తలుపు ఊరివాళ్ళకి, సుంకరులకి తప్ప తెరుచుకోదని విని, ఈ వేషం కట్టి, గుట్టలెక్కి దిగి వచ్చాడు.

పొన్నుకర్రతో తలుపు తట్టగానే ఒక ముసలమ్మ తీసింది. నడుము విల్లులా వంగిపోయింది, కళ్ళు మాత్రం కాకి కళ్ళు. ఆమె పేరు పోలమ్మ. ఆ గడపకి కావలి ఆమే.

"రా నాయనా. మొన్ననే ఒక సుంకరి వచ్చిపోయినాడే, అప్పుడే ఇంకొకరా?" అంది.

"తలుపు చూసి పోదామని వచ్చానవ్వా" అన్నాడు కేదారుడు.

"ఉన్నది ఒకటే. కడుపారా చూసుకో."

కేదారుడు లోపలికి అడుగుపెట్టి చుట్టూ చూశాడు. తలుపుకి పన్ను అనగానే ఊరివాళ్ళు వీధి తలుపులన్నీ పీకి గోడ కట్టేశారు. ఇంటికీ ఇంటికీ మధ్య ఉన్న గోడల్ని మాత్రం పగలగొట్టి దారులు చేసుకున్నారు. ఇంట్లోంచి ఇంట్లోకి పోయే దారికి పన్ను లేదు మరి. ఆకాశం కనబడే మండువాల మీద కూడా పన్ను పడటంతో వాటినీ దూలాలు వేసి కప్పేశారు. అలా ఊరు ఊరంతా ఒకే ఇల్లయి కూర్చుంది. ఒకరి పడకగది దాటితే ఇంకొకరి దేవుడిగది, అది దాటితే మరొకరి వంటిల్లు. వెలుతురు కోసం వెలుపలి గోడల్లో అక్కడక్కడా వేళ్ళు పట్టేంత చీలికలు వదిలారు. వాటిలోంచి పడే సన్నని ఎండ చారల్లో ఆవుపేడ వాసన, తాలింపు వాసన, సాంబ్రాణి పొగ ఒకదానిలో ఒకటి కలిసి తిరుగుతున్నాయి. ఒక గేదె దూడ తాపీగా కొత్త పెళ్ళికూతురి గది దాటుకుని ఎవరిదో సావిట్లోకి పోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకునేది ఒక్కటే. ఎవరి వంటింట్లోంచి దాటవలసి వచ్చినా గుమ్మం దగ్గర ఆగి, "పొయ్యి చూడనమ్మా!" అని కేకేసి, అరచేత్తో కళ్ళు మూసుకుని దాటాలి. చంకలో బిడ్డ ఉంటే బిడ్డ కళ్ళూ మూయాలి. పక్కింటి పొయ్యి చూస్తే ఆ ఇంట్లో అన్నం తరిగిపోతుందని ఆ ఊరి నమ్మకం. కేదారుడికి ఈ సంగతి తెలియక పోలమ్మ వంటింట్లో కళ్ళు బార్లా తెరుచుకుని నడిచాడు. రెండు పొయ్యిలు కనబడ్డాయి. ఒకటి మసిబారి ఉంది. రెండోది గోడకి ఆనుకుని, నిన్న కాల్చి తెచ్చినట్టు, మచ్చ లేకుండా ఉంది.

"చూడబాక నాయనా!" అని పోలమ్మ గభాలున అడ్డం వచ్చింది.

సరిగ్గా అప్పుడే వెనక పెద్ద తలుపు తనంతట తాను మూసుకుంది. ఇత్తడి హంసలన్నీ ఒక్కసారి రెక్కలు కొట్టుకున్నట్టు చప్పుడైంది. తర్వాత గడియ లేని ఆ తలుపుకి లోపలి వైపున చెక్కలోంచి చెక్క మొలిచి, రెండు రెక్కలూ అతుక్కుపోయాయి. వెంట్రుక దూరేంత సందు కూడా మిగలలేదు.

కేదారుడు పరుగున పోయి భుజం ఆన్చి నెట్టాడు. కొండని నెట్టినట్టే ఉంది. పక్కనున్న చీలికకి కన్ను ఆనించి బయటికి చూశాడు. గడప ముందు ఎండలో నల్లని మేనా ఒకటి దిగి ఉంది. మూడు పక్కలా చెక్కతో మూసి, నాలుగో పక్క పట్టుతెర వేలాడుతున్న మేనా. తెర కాస్త తొలగింది. లోపల మెత్తటి పరుపుల మీద, నుదుట భస్మరేఖలతో, ఒళ్ళో నల్లశంఖంతో మహామంత్రి ఘటానందుడు కూర్చుని ఉన్నాడు.

"రావయ్యా పండితుడా!" అన్నాడు ఘటానందుడు, పెళ్ళివారిని పలకరించినట్టు. "నువ్వు లేకుండా ఈ శుభకార్యం జరగడం ధర్మం కాదనుకున్నాను. నువ్వే వచ్చావు."

"ఏమిటీ పని మహామంత్రీ? తలుపు తీయించండి!"

"తీయడానికా ఇన్నేళ్ళు కష్టపడ్డాను? ఏకద్వార కరాళి పేరు విన్నావా? విని ఉండవు, నీ చదువు వేరు. ఒక ఊరి ప్రాణాలన్నీ ఒకే ఇంట్లో చేరి, ఆ ఇంటికి ఒకే ద్వారం ఉండాలి. అటువంటి ఇంటినే కరాళి నైవేద్యంగా అందుకుంటుంది. రెండో ద్వారం ఉంటే ముట్టదు. అందుకున్నాక నాకు చావులేని ఒళ్ళు ఇస్తుంది. ఊరందరినీ ఒకే ఇంట్లోకి తోలాలంటే ఎంత సైన్యం కావాలి? ఎంత నెత్తురు పారాలి? నువ్వు సభలో లేచి చెప్పావు చూడు, పన్ను వేస్తే జనం వాళ్ళంతట వాళ్ళే జరుగుతారని! ఆ పూటే నా పని సులువైపోయింది. తలుపుకి పన్ను వేశాను. నవ్వుకుంటూ, నన్ను మోసం చేశామని మురిసిపోతూ, వాళ్ళ గోడలు వాళ్ళే కట్టుకున్నారు!"

కేదారుడి చేతికున్న కంకణం సంకెలలా బరువెక్కింది. తన తెలివి ఇంతమంది మెడకి ఉరితాడు అయిందన్న ఏడుపు ముంచుకొచ్చింది. ఏడవడానికి మాత్రం వ్యవధి లేకపోయింది. ఘటానందుడు శంఖం ఊదాడు.

భోంకారం వినబడగానే ఊరి కప్పు మొత్తం ఒక్కసారి కిర్రుమని మూర కిందికి దిగింది. ఉట్టి మీది కుండలు గోడకి కొట్టుకుని పగిలాయి. పిల్లలు కెవ్వుమన్నారు. మళ్ళీ శంఖం. మళ్ళీ మూర. తలలు దూలాలకి తగలసాగాయి. జనం వంటిళ్ళ మీదుగా, పడకగదుల మీదుగా పెద్ద తలుపు దగ్గరికి తోసుకొచ్చారు. చావుభయంలో కూడా "పొయ్యి చూడనమ్మా, పొయ్యి చూడనమ్మా" అని కళ్ళు మూసుకుని ఒకరి మీద ఒకరు పడుతూ మరీ వచ్చారు.

కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్న కేదారుడి బుర్రలో ఆ కేక విని దీపం వెలిగింది. ఇంత భయంలోనూ విడవని ఆచారం ఊరికే పుట్టదు. తాతల నాటిదా అంటే కాదు, తాతల కాలంలో ఒకరి వంటింట్లోంచి ఇంకొకరు నడిచే అవసరమే లేదు. తలుపు పన్ను వచ్చాకే పుట్టింది. పన్ను వెంట పుట్టిన ఆచారం ఏదో ఒకటి దాచడానికే పుడుతుంది.

అతడికి శాసనం గుర్తొచ్చింది. మనిషి తల వంచకుండా దాటేది ద్వారం అని మంత్రి మొదట రాయించాడు. జనం గుమ్మాలు కుదించి తల వంచి దాటారు. తల వంచినా సరే, కాళ్ళ మీద నడిచి దాటితే ద్వారమే అని శాసనం మార్చాడు. అప్పుడు తలుపులు పోయి గోడలొచ్చాయి. అయితే కాళ్ళ మీద నడవకుండా దాటితే?

"మంత్రీ!" అని చీలికలోంచి అరిచాడు. "నీ మంత్రం దేన్ని మూస్తుంది?"

"శాసనంలో ఏది ద్వారమో నా మంత్రానికీ అదే ద్వారం. రెండూ కట్టింది నేనే కదా!" అని ఘటానందుడు విరగబడి నవ్వి, మళ్ళీ శంఖం అందుకున్నాడు.

అంతే చాలు. కేదారుడు వెనక్కి తిరిగాడు. "విన్నారా! వెలి గోడల్లో పొట్టతో పాకి పోయే కంతలున్నాయి, నాకు తెలుసు! కొత్త పొయ్యిల వెనకే ఉన్నాయి! వాటికి మంత్రం లేదు. తెరవండి, పారిపొండి!"

ఒక్కరూ కదల్లేదు. సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకునేంత అమాయకులు తమాలపురంలో లేరు. ఊరిపెద్ద సింగరయ్య ముందుకొచ్చాడు. మీసాలు లేని పెదవి దువ్వుకుంటూ, వంగిన నడుముతోనే పెద్దరికం చూపించాడు.

"కంతలా? అయ్యా, మా ఊర్లో ఎలక్కూడా పెద్ద తలుపులోంచే పోతాది. పన్ను కట్టిన తలుపు ఉండగా దొంగదారులు మాకెందుకు?"

"కప్పు నెత్తిన పడుతోంది కదయ్యా!"

"అదే చెప్తున్నా. కప్పు దించి బెదిరించి కంతలు బయట పెట్టించాలని ఇదంతా మీ సుంకరోళ్ళ పన్నాగం. మీసాల పన్ను నాడు పెళ్ళి సంబంధాలని చెప్పి మగపిల్లల్ని పిలిపించి, మూతులు తడిమి చూసినారు. మాకు తెలీదా!"

జనం అవునంటే అవునన్నారు. అసలు సంగతి ఇంకొకటి ఉంది. దొంగదారి ఉన్న ఇంటిని ఎవరు చూపిస్తే ఆ ఇల్లు వాళ్ళదేనని మంత్రి ఎప్పుడో చాటించాడు. అందుకే ఎవరి కంత సంగతి పక్కింటివాడికి కూడా తెలియదు. ప్రతివాడూ తన కంటి కొసతో తన వంటింటి వైపు చూస్తూ, పక్కవాడు ముందు కదిలితే బాగుండునని చూస్తున్నాడు. ఇంటిదొంగని ఈశ్వరుడే పట్టలేనప్పుడు పండితుడు ఏపాటి?

శంఖం మోగింది. కప్పు భుజాల దాకా దిగింది. అందరూ గొంతుక్కూర్చున్నారు. ఎవరిదో పసిబిడ్డ ఊపిరాడక గుక్క పెట్టింది.

బతిమాలితే లాభం లేదని కేదారుడికి అర్థమైంది. ఇన్నాళ్ళూ మనుషులు పన్నుకి ఎటు జరుగుతారో చూస్తూ కూర్చున్నాడు. ఇవాళ జరపాలి. చావుకి పెడితే గానీ లంఖణానికి రారంటారు, వీళ్ళు చావుకి పెట్టినా రావడం లేదు. వీళ్ళు దేనికి వస్తారో అతడికి బాగా తెలుసు. తలపాగా సవరించుకుని, రాగిముద్ర పైకెత్తి, గొంతు మార్చాడు.

"కుంభగిరి మహారాజుల వారి కొత్త శాసనం! దండోరా వేయండి! ఈ క్షణం నుంచి పిల్లికంత లేని ఇంటికి కంతలేమి పన్ను! వెలి తలుపు పన్నుకి పదింతలు! కంత ఉన్న ఇంటికి తరతరాలకీ అన్ని పన్నులూ మాఫీ! చూపిస్తే చాలదు, ఇంటిల్లిపాదీ అవతలికి పాకి రుజువు చేయాలి. పక్కింటి కంతని పట్టిచ్చేవాడికి దమ్మిడీ లేదు!"

సింగరయ్య గొంతు అందరికంటే ముందు లేచింది.

"అయ్యా, మా ఇంట్లో రెండున్నాయి! రెండిటికీ రెండు మాఫీలా?"

ఆ మీదట జరిగింది చూడటానికి రెండు కళ్ళు చాలవు. "మాకుంది!" "మాకు ఇంతకంటే పెద్దదుంది!" "మా నాయన తవ్వినాడు, ఊరికంతటికీ మాదే మొదటిది!" అంటూ జనం మోకాళ్ళ మీద, మోచేతుల మీద తమ తమ వంటిళ్ళకి పరుగు తీశారు. దండోరా మాట వంటింటి నుంచి వంటింటికి నిప్పంటుకున్నట్టు పాకింది. కొత్త పొయ్యిలు పక్కకి దొర్లాయి. రాళ్ళు తిరిగాయి. గోడ పొడుగునా పళ్ళూడిన నోటిలా కంతలు తెరుచుకుని, ఎండ భళ్ళున లోపలికొచ్చింది. కంత లేని నిర్భాగ్యుడొకడు పదింతల పన్ను తలుచుకుని వణికిపోయి, గునపం పట్టి అక్కడికక్కడే గోడకి కన్నం వేయసాగాడు. పసిపిల్లలు, గర్భిణులు, గొడ్లు కాసేవాళ్ళు, కొత్త పెళ్ళికూతురు, చివరికి తోక పట్టి లాగితే గేదె దూడ కూడా, ఒకరి వెనక ఒకరు పొట్టతో పాకి జొన్నచేలలో పడ్డారు. సింగరయ్య ఒక కంతలోంచి వెళ్ళి, రెండో దాన్నీ రుజువు చేయడానికి మళ్ళీ లోపలికి వచ్చి, మళ్ళీ వెళ్ళాడు.

కప్పు ఇంకా దిగింది. ఇప్పుడు మోకాళ్ళ మీద కూడా నిలవడం కష్టంగా ఉంది. ఊరు ఖాళీ అయిందనుకుని కేదారుడు పోలమ్మ వంటింటి వైపు పాకాడు. పోలమ్మ తన కొత్త పొయ్యికి వీపు ఆనించి కదలకుండా కూర్చుని ఉంది.

"అవ్వా! నువ్వు పోలేదా?"

"మాఫీ అన్న ప్రతి సుంకరీ మర్నాడు కొత్త పన్నుతో వచ్చినాడు నాయనా. నా జుట్టు ఊరికే నెరవలేదు."

"నేను సుంకరిని కాదవ్వా!" కేదారుడు తలపాగా పీకి పారేశాడు. "మాఫీ లేదు, శాసనం లేదు, అన్నీ అబద్ధాలే. నా మూలానే మీకీ గతి పట్టింది. నువ్వు ఇక్కడ చస్తే నేను బతికీ చచ్చినవాణ్ణే. లే అవ్వా!"

పోలమ్మ బోసినోటితో నవ్వింది. "సుంకరివి కాదని గడప దాటినప్పుడే తెలుసులే. సుంకరైతే పొయ్యి కేసి చూడడు, కుండలో ఏముందో చూస్తాడు. నిజం చెప్తావో లేదోనని కూర్చున్నా" అని పొయ్యిని మోచేత్తో నెట్టింది. వెనక రాయి తిరిగింది. "ముందు నువ్వు పో."

"నువ్వు పో!"

వాదులాడే వేళ కాదు. కేదారుడు ఆమె వంగిన నడుముని రెండు చేతులా పట్టి కంతలోకి తోశాడు. ఎముకల గూడు లాంటి ఆ ఒళ్ళు రాయికి ఒరుసుకుంటూ, తిట్లు తిడుతూ, అవతల పడింది. వెంటనే ఆమె చేయి ఒకటి కంతలోకి వచ్చింది. "పట్టుకో నాయనా!"

అప్పటికి గోడ వెనక సందడి మేనా దాకా చేరింది. ఘటానందుడు తెర తొలగించి చూశాడు. జొన్నచేల నిండా జనం. తన నైవేద్యం తన కళ్ళ ముందే కాళ్ళొచ్చి పారిపోతోంది. ఆ మంత్రి పళ్ళు కొరికిన చప్పుడు గోడ ఇవతలికి వినబడింది. పన్ను వేసేవాడికి కంత కనబడితే ఏం చేస్తాడో అదే చేశాడు. తెర వెనక్కి వాలి, చేయెత్తి, ఊపిరంతా కూడగట్టి అరిచాడు.

"శాసనం మారుస్తున్నాను! మనిషి వంగి గానీ, పాకి గానీ, ఎలా అయినా సరే బయటపడే ప్రతి రంధ్రమూ ఇకమీదట ద్వారమే! ద్వారాలన్నీ బంధింపబడు గాక!"

కంతలు ఒక్కసారి కళ్ళు మూసుకున్నాయి. పోలమ్మ చేయి లాక్కుంది, లేకపోతే మణికట్టు దాకా తెగి ఉండేది. కేదారుడి తల ముందు జానెడు దూరంలో రాయి రాయితో కలిసిపోయింది. చీకటి. ఊరంత ఇంట్లో, పొట్ట నేలకి ఆన్చి, వీపు మీద దూలాలు మోస్తూ అతడొక్కడే మిగిలాడు. ఒంటరితనం అంత బరువుగా ఉంటుందని అతడికి అంతకు ముందు తెలియదు. అమ్మని తలుచుకున్నాడు. శంఖం కోసం చెవులు రిక్కించాడు. ఇంకొక్క ఊదుతో అడకత్తెరలో పోకచెక్క అయిపోతాడు.

శంఖం మోగలేదు. దానికి బదులు బయట ఏదో దబదబా బాదుకుంటున్న చప్పుడు. తర్వాత గోడ అవతల నుంచి పోలమ్మ కేక.

"నాయనా! బతికే ఉన్నావా? ఇక్కడో వింత! మంత్రి మేనా మూసుకుపోయింది! పట్టుతెర కాస్తా చెక్కయిపోయింది. లోపల్నుంచి పిల్లిలా గీరుతున్నాడు!"

కేదారుడు చీకట్లో కళ్ళు చికిలించాడు. మేనాలోంచి మనిషి బయటపడాలంటే వంగే కదా పడాలి! ఎవరు తీసిన గోతిలో వారే పడతారని పెద్దలు ఊరికే అనలేదు. నవ్వు తన్నుకొచ్చింది గానీ, కప్పు వీపుని నొక్కుతూ ఉండటంతో నవ్వడానికి చోటు దొరకలేదు.

అంతలో ఇంట్లో ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. మనిషి ఊపిరి కాదు. ఊరి ఆ చివర నుంచి, ఖాళీ వంటిళ్ళ మీదుగా, బూడిద వాసన వేస్తున్న వెచ్చని గాలి అతడి అరికాళ్ళని నాకుతూ వచ్చింది. నైవేద్యానికి పిలుపందుకున్న కరాళి వచ్చేసింది.

ఆ గాలి అతడి మీద ఆగింది. తర్వాత గోడ పొడుగునా మూతబడ్డ కంతల్ని ఒక్కొక్కటే తడుముకుంటూ పోయింది. కొత్త శాసనం ప్రకారం ఇప్పుడవన్నీ ద్వారాలే. వందల ద్వారాలున్న ఇల్లు ఆమెకి చెల్లదు. విసుగ్గా బుసకొట్టి, ఆ ఊపిరి చీలికల్లోంచి బయటికి జారింది. కప్పు బరువు వెంట్రుకవాసి తగ్గింది. కేదారుడు హమ్మయ్య అనుకోబోయి, అనుకోలేకపోయాడు. బయట ఒకే ద్వారం ఉన్న ఇల్లు ఇంకొకటి ఉంది. చిన్నది, నల్లది, లోపల ఒక ప్రాణం ఉన్నది. ఊరు దక్కని కరాళి దానితోనే సరిపెట్టుకుని మింగితే ఘటానందుడు పోతాడు. వాడితోపాటు ఈ తలుపులు తెరిచే మాట కూడా పోతుంది. తాను ఈ ఇంట్లోనే ఎముకలవుతాడు.

"అవ్వా!" పిడికిళ్ళతో రాతిని గుద్దుతూ కేదారుడు గొంతు చించుకున్నాడు. "అందరినీ పిలువు! ఆ మేనాకి రెండో పక్క ఇంకో కంత కొట్టండి! త్వరగా! వాడు చస్తే నేనూ చస్తాను!"

బయట మేనా చెక్కలు పటపటా విరుగుతున్న చప్పుడు. ఘటానందుడు అమ్మా అని పెట్టిన వెర్రికేక. పరుగెత్తుకొచ్చిన అడుగులు. గునపాలు రాళ్ళకి తగిలిన మోత. ఆ తర్వాత అన్నీ ఆగిపోయాయి. గోడకి చాలా దగ్గరగా సింగరయ్య గొంతు, వినయంగా, అనుమానంగా వినబడింది.

"అయ్యా, కొట్టమంటే కొడతాం గానీ... ఆ కంత మీద పన్నెంత?"